కల్లు దుకాణం మూసే రోజే ఆసుపత్రి తలుపు తెరవండి

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి, ఆబ్కారీ శాఖ మంత్రి గారికి, రెండు శాఖల అధికారులకు నమస్కారం.

నేను కామారెడ్డి జిల్లాలో ఒక ప్రాథమిక పాఠశాలలో టీచర్‌ని. ఈ ఉత్తరం మా తమ్ముడి గురించి. వాడిని అడిగే రాస్తున్నాను. పేరు రాయొద్దన్నాడు, ఊరు రాయొద్దన్నాడు, మిగతాదంతా రాయమన్నాడు. రెండు శాఖలకూ కలిపి ఒకే ఉత్తరం ఎందుకు రాశానో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

2020 మార్చి 22, ఆదివారం, జనతా కర్ఫ్యూ. మరునాటి నుంచి లాక్‌డౌన్. కల్లు దుకాణం బంద్, వైన్స్ బంద్, బెల్టు షాపు కూడా బంద్. మా తమ్ముడు ఆటో నడుపుతాడు. అప్పటికి పదేళ్లుగా పొద్దున్నే రెండు సీసాల కల్లు పడితేగానీ వాడికి చేతులు నిలిచేవి కావు. రాత్రికి ఒక క్వార్టర్. ఇంట్లో అందరం లోలోపల సంతోషించాం. దేవుడే మాన్పిస్తున్నాడని మా అమ్మ దీపం పెట్టింది.

మంగళవారం మధ్యాహ్నం అన్నం తింటూ తింటూ పక్కకు ఒరిగిపోయాడు. ఫిట్స్. మరదలు చేతిలో తాళాలు పెట్టింది, పిల్లలు ఏడుపు. 108లో దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఒక సూది వేశారు, గ్లూకోజ్ ఎక్కించారు. "తాగుడు ఆపితే ఇట్లనే అయితది, రెండు రోజుల్లో తగ్గుతది, ఇంటికి తీస్కపోండి" అన్నారు. తీసుకొచ్చాం.

తగ్గలేదు. గురువారం రాత్రి మంచం మీద కూర్చుని గాలిలో ఆటో హ్యాండిల్ పట్టుకున్నాడు. ఒళ్లు కాలిపోతోంది, చొక్కా తడిసి ముద్దయింది. "అమ్మా, యాడ దిగాలె? చిల్లర ఉందా?" అని మా అమ్మనే అడుగుతున్నాడు. గోడ మీద చీమలు పాకుతున్నాయంటాడు, అక్కడ చీమలు లేవు. చనిపోయిన మా నాన్న వాకిట్లో నిలబడ్డాడంటాడు. పక్కింటివాళ్లు గాలి సోకిందన్నారు. ఎవరో నిమ్మకాయలు తెచ్చారు. నేను టీచర్‌ని, చదువుకున్నదాన్ని. ఆ రాత్రి ఆ నిమ్మకాయలు నా చేతులతోనే కోశాను.

తెల్లవారి కూరగాయల వ్యాన్‌లో పట్నం తీసుకెళ్లాం. ఆ ఆసుపత్రి వరండాలో వాడిలాంటివాళ్లే ఎంతమందో. కొందరిని మంచాలకు గుడ్డలతో కట్టి పట్టుకున్నారు, కొందరు గోడతో మాట్లాడుతున్నారు. ఆ వారంలో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి మద్యం, కల్లు మానేసి వచ్చిన రోగులు ఎలా పోటెత్తారో పత్రికలన్నీ రాశాయి. మమ్మల్ని చూసిన డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. నన్ను కూర్చోబెట్టి పావుగంట చెప్పింది. వరుసగా ఎన్ని గంటలు డ్యూటీలో ఉందో తెలియదు, అయినా చెప్పింది. ఆ పావుగంట మాకు పదేళ్ల ముందు దొరికి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆమె చెప్పింది ఇదీ. రోజూ తాగేవాడి మెదడును సారాయి తొక్కిపెడుతూ ఉంటుంది. ఆ బరువును తట్టుకుని పనిచేయడానికి మెదడు తనను తాను ఎక్కువ ఉద్రేకంలో ఉంచుకుంటుంది. ఒక్కసారిగా బరువు తీసేస్తే ఆ ఉద్రేకానికి పట్టపగ్గాలుండవు. ఆఖరి గ్లాసు తర్వాత కొన్ని గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మతి తప్పవచ్చు. దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. వైద్యం అందితే చాలావరకు బతుకుతారు. ఆ వైద్యం ఏమంత ఖరీదైనదీ కాదు. క్లోర్‌డయాజిపాక్సైడ్, లోరాజిపామ్ లాంటి మందులు లెక్క ప్రకారం ఇచ్చి రోజురోజుకూ తగ్గిస్తూ పోవడం, థయామిన్ ఇంజెక్షన్లు, నాలుగైదు రోజులు కనిపెట్టి ఉండే నర్సు.

థయామిన్ అంటే బీ1 విటమిన్. ఏళ్లతరబడి తాగి, సరిగా తినని ఒంట్లో అది అడుగంటి ఉంటుంది. అలాంటి మనిషికి థయామిన్ లేకుండా వట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన ఆ కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. చూపు చెదురుతుంది, నడక తూలుతుంది, ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. మొదటి ఆసుపత్రిలో మా వాడికి ఎక్కించింది వట్టి గ్లూకోజే. వాళ్లను నిందించడానికి చెప్పడం లేదు. వాళ్లకెవరూ నేర్పలేదు. రాష్ట్రంలోని ప్రతి ఏరియా ఆసుపత్రిలో, ప్రతి పీహెచ్‌సీలో ఈ ఒక్క మాట రాసి గోడకు అంటించినా కొన్ని బుర్రలు దక్కుతాయి: గ్లూకోజ్ కంటే ముందు థయామిన్.

ఇక కల్లు సంగతి. ఇది మన రాష్ట్రంలో పాతుకుపోయిన బాధ, అందుకే ఆబ్కారీ శాఖను కూడా ఈ ఉత్తరంలోకి పిలిచాను. చెట్టు నుంచి దింపిన కల్లుతో ఎవరికీ గొడవ లేదు. గీత కార్మికుల కష్టం మాకు తెలుసు, తాటిచెట్టు మీంచి పడి నడుము విరిగినవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. మేం మాట్లాడేది చెట్లు చాలని చోట నీళ్లలో క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం (డయాజిపామ్), అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపి సీసాల్లో పోసే సరుకు గురించి. అల్ప్రాజోలం నిద్రకు, ఆందోళనకు డాక్టరు చీటీ మీద మాత్రమే ఇవ్వాల్సిన మందు. రోజూ తాగేవాడికి తాను ఆ మందుకు అలవాటుపడ్డానన్న సంగతే తెలియదు, కల్లే తాగుతున్నాననుకుంటాడు. అది ఒక్కసారిగా ఆగితే సారాయి ఆగినప్పటిలాగే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు. ఒక్కోసారి వారాల తరబడి మెల్లగా తగ్గించాల్సి వస్తుంది.

2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద దాడులు ఒక్కసారిగా పెరిగాయి. నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల్లో జనం పిచ్చిగా ప్రవర్తిస్తూ ఆసుపత్రులకు వరసకట్టారు. ఆడవాళ్లు, ముసలివాళ్లు కూడా. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు, డజన్ల మంది ఆసుపత్రుల పాలయ్యారు. అప్పుడూ దాడులు జరిగాయి, దుకాణాలు సీజ్ చేశారు. చేయాల్సిందే. విషం అమ్మేవాడిని వదలమని ఏ అక్కా, ఏ భార్యా అడగదు.

కానీ ఒక్కటి ఆలోచించండి. ఒక ఊళ్లో కల్లు డిపో మీద దాడి చేసి సీల్ వేస్తే, ఆ డిపో మీద ఆధారపడ్డ రెండు మూడు వందల మందికి మరునాటి పొద్దుటి నుంచి ఏం జరుగుతుందో మీకు గంటల లెక్కన ముందే తెలుసు. ఎప్పుడు వణుకు మొదలవుతుందో, ఎప్పుడు ఫిట్స్ రావచ్చో పుస్తకాల్లో రాసి ఉంది. అయినా ఆ కబురు ఆబ్కారీ స్టేషన్ నుంచి జిల్లా వైద్యాధికారికి చేరేలా ఏ ఏర్పాటూ మాకు కనిపించలేదు. దాడి రహస్యంగా ఉండాలి, ఒప్పుకుంటాను. సీల్ వేసిన గంటకు రహస్యం ఏముంటుంది? అప్పుడైనా ఒక ఫోన్ చేయొచ్చు కదా. ఆ సాయంత్రానికే ఆశ వర్కర్లు వాడవాడకూ తిరిగి, ఎవరికి వణుకు వస్తోందో, ఎవరికి గతంలో ఫిట్స్ వచ్చాయో కనుక్కోవచ్చు. ఏరియా ఆసుపత్రిలో పది మంచాలు, మందులు సిద్ధం చేయొచ్చు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. రెండు శాఖల కార్యదర్శులు కూర్చుని సంతకం పెట్టే ఒక ఉత్తర్వు చాలు. ఈ ఉత్తరంలో మీరు ఒక్కటే చేయగలనంటే, ఇది చేయండి.

మా వాడు పన్నెండు రోజులకు ఇంటికొచ్చాడు. మనిషి తేటపడ్డాడు, పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. అయిపోయిందనుకున్నాం. మే 6న వైన్స్ తెరిచారు. జూన్‌లో బంధువుల ఇంట్లో దినాలకు వెళ్లాడు. "ఒక్క గ్లాసుకు ఏమైతది రా" అన్నారు. దసరా నాటికి మళ్లీ పొద్దున రెండు సీసాలు.

మానడం మా వాడికి ఎప్పుడూ కష్టం కాలేదండీ. చిన్నప్పుడు, ఇంకా అంత ముదరని రోజుల్లో, అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టలేదు. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన సాయంత్రమే తాగాడు. దర్గా దగ్గర ఒట్టు వేశాడు, తాయెత్తు కట్టించుకున్నాడు, కొడుకు నెత్తి మీద చెయ్యి పెట్టాడు. ప్రతిసారీ నిజంగానే మానాడు, అబద్ధం ఆడలేదు. మానిన తర్వాతి రోజుల్లో వాడి పక్కన ఎవరూ లేరు. ఆసుపత్రి చీటీ మీద "మళ్లీ రావలెను" అని ఉంది. ఎక్కడికి? వంద కిలోమీటర్లకు పైగా వెళ్లి, ఒక రోజు కూలి పోగొట్టుకుని, లైన్లో నిలబడి, నాలుగు మాత్రలు తెచ్చుకోవాలి. ఎవరు వెళ్తారు?

2021లో అప్పు చేసి ఒక ప్రైవేటు కేంద్రంలో చేర్చాం. నెలకు 15 వేలు, మూడు నెలలు. చేర్చిన రోజు ఆఫీసు గది బాగుంది, గోడ మీద దేవుళ్ల ఫొటోలు. మొదటి నెల మాట్లాడనివ్వలేదు, "ట్రీట్‌మెంట్ డిస్టర్బ్ అవుతుంది" అన్నారు. తర్వాత వాడే చెప్పాడు. ఒక హాల్లో నలభై మంది, బయట తాళం. డాక్టరు నెలకోసారి వచ్చేవాడు. మొదటి వారం వణుకుతున్నవాళ్లను రాత్రిపూట కిటికీ ఊచలకు గొలుసుతో కట్టేసేవారు. ఎదురు మాట్లాడితే దెబ్బలు. వాడు ఇంటికొచ్చాక ఆరు నెలలు గది తలుపు వేసుకుని పడుకోలేదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మద్యం, డ్రగ్స్ వాడకం వల్ల వచ్చే మానసిక పరిస్థితులు కూడా మానసిక అనారోగ్యం కిందికే వస్తాయి. 18వ సెక్షన్ ప్రభుత్వం నడిపే, నిధులిచ్చే సేవల నుంచి వైద్యం పొందే హక్కు ఇచ్చింది. 65వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా అలాంటి కేంద్రం నడపకూడదు. 95వ సెక్షన్ ఏ రోగినీ ఏ రకంగానూ గొలుసులతో కట్టకూడదంది. మాకు ఇవేవీ తెలియవు. రిజిస్టరైన కేంద్రాల జాబితా మా మండలాఫీసు గోడ మీద ఉండి ఉంటే, చేర్చే ముందు అందులో పేరు ఉందో లేదో చూసుకునేవాళ్లం. జాబితా అంటించండి. చెప్పకుండా తనిఖీ చేయండి. తనిఖీకి వెళ్లినప్పుడు ఆఫీసు గదిలో కూర్చోకుండా హాల్లోకి వెళ్లి, మేనేజర్‌ని బయట నిలబెట్టి, లోపలున్నవాళ్లతో మాట్లాడండి.

ఇంకొక ప్రమాదం గురించి చెప్పాలి. "తాగేవారికి తెలియకుండానే తాగుడు మాన్పించే మందు" అని బస్సుల వెనక, కరెంటు స్తంభాల మీద ప్రకటనలు మీరూ చూసే ఉంటారు. మా మరదలు ఒక పొడి కొని చారులో కలిపింది. అందులో ఏముందో ఈనాటికీ మాకు తెలియదు. ఆ సాయంత్రం వాడు తాగొచ్చాక ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులతో పడిపోయాడు. డైసల్ఫిరామ్ అనే మందు తీసుకుని పైన సారాయి తాగితే ఇలాగే జరుగుతుందట. రోగికి అన్నీ వివరించి, ఒప్పించి, డాక్టరు చూస్తుండగా వాడాల్సిన మందది. గుండె జబ్బున్నవాడికి చెప్పకుండా పెడితే ప్రాణం పోవచ్చు. ఇది చదివే చెల్లెళ్లకు, అక్కలకు చేతులెత్తి చెబుతున్నాను, అన్నంలో ఏమీ కలపకండి. ఆ ప్రకటనలు వేసేవాళ్ల మీద డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు కన్నేయాలని అధికారులను అడుగుతున్నాను.

మా వాడు చివరికి ఎలా నిలబడ్డాడు? 2022లో మూడోసారి ఫిట్స్ వచ్చాయి. మానడం, మళ్లీ తాగడం జరిగిన కొద్దీ మానినప్పుడు వచ్చే ఆ బాధ (విత్‌డ్రాయల్) ముదురుతుంది, ఈసారి బతకనేమో అనుకున్నాడు. మళ్లీ అదే ప్రభుత్వ ఆసుపత్రికే వెళ్లాం. ఈసారి డాక్టరు పంపించేముందు నాల్ట్రెక్సోన్ మొదలుపెట్టారు. తాగాలన్న యావ తగ్గించే మందు అది. అకాంప్రోసేట్ అని ఇంకొకటి ఉంది. ఈ రెండింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. మా టౌన్‌లో ఏ మందుల షాపులోనూ దొరకలేదు. నెలనెలా నేనే పట్నం వెళ్లి కొనుక్కొచ్చాను. నాకు జీతం ఉంది, కొన్నాను. మా వాడి పక్క మంచం మీద ఉన్న తాపీ మేస్త్రీకి అక్క లేదు. ఇంటికి పోయాక అతను ఏమయ్యాడో తెలియదు.

మందుతో పాటు ఇంకొకటి పని చేసింది. వార్డులోకి ఆదివారాలు ఒక పెద్దాయన వచ్చేవాడు. పదిహేనేళ్ల కింద తాగుడు మానిన మనిషి, తాగుడు మానడానికి ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే బృందం సభ్యుడు. పైసా తీసుకోడు. నీతులు చెప్పడు. "నేను నా భార్య పుస్తెలు అమ్మి తాగిన" అని మొదలుపెట్టేవాడు. మా తమ్ముడు పదేళ్లలో మొదటిసారి తల ఎత్తి ఎదుటి మనిషి కళ్లలోకి చూసింది అప్పుడే. తర్వాత ఏడాది పాటు రోజూ రాత్రి ఎనిమిదింటికి ఆయన ఫోన్ చేసేవాడు. తాగడానికి బుద్ధి పుట్టే గంట అదేనట. మధ్యలో రెండుసార్లు జారిపడ్డాడు మా వాడు. ఒకసారి బోనాలకు, ఒకసారి ఏమీ లేకుండానే, ఊరికే వాన పడుతున్న రోజున. రెండుసార్లూ ఆయన తిట్టలేదు. "ఎన్ని గంటలైంది తాగి? సరే, ఇప్పటి నుంచి మళ్లీ లెక్కపెట్టు" అన్నాడు. బీపీ, షుగర్ మాత్రలు మధ్యలో ఆపేసినవాళ్లను మీ డాక్టర్లు వెళ్లగొట్టరు కదా. మళ్లీ తాగి వచ్చినవాడిని మాత్రం "నీకు చేసి దండగ" అంటారు. అలా అనకుండా చూడండి. పేరు పెట్టి పిలవమనండి.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన, 2019లో వెలువడిన జాతీయ సర్వేలో ఉంది: మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక రకం సాయం అందింది. ఆసుపత్రిలో చేరి వైద్యం పొందింది 180 మందిలో ఒక్కరు. మా తమ్ముడు ఆ ఒక్కడు. మిగతా 179 మంది ఇళ్లు మా వాడలోనే నాకు తెలుసు.

వాళ్లలో ఆడవాళ్లు కూడా ఉన్నారు. ఈ మాట బయటకు అనడానికి అందరికీ మొహమాటం. మా దగ్గర నాట్లు వేసే కూలి తల్లులు, బీడీలు చుట్టేవాళ్లు నడుము నొప్పి మరవడానికి సాయంత్రం కల్లు తాగుతారు. అల్ప్రాజోలం మగవాళ్ల సీసాలో ఒకటి, ఆడవాళ్ల సీసాలో ఒకటి ఉండదు. మా ఇంటి వెనక ఒక పెద్దమ్మ, చేతులు వణికి టీ గ్లాసు పట్టుకోలేదు. "నన్ను ఎక్కడికి తోలుకపోతవ్ బిడ్డా, అందరు మొగోళ్లుండే కాడికా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ప్రతి జిల్లాలో ఆడవాళ్లకు ఒక గది, ఒక నర్సమ్మ, పాలు తాగే పిల్లలుంటే వెంట ఉంచుకునే వీలు ఉండాలి.

గంజాయికి చిక్కుతున్న కాలేజీ పిల్లల గురించి ఒక్క మాట. పోలీసులకు పట్టిస్తారేమోనని తల్లిదండ్రులు ఆసుపత్రికి తీసుకురావడం లేదు. ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. అలవాటుపడినవాడు వాడినందుకో, కొద్దిపాటి సరుకు దొరికినందుకో కేసులో ఉన్నా, తానుగా వైద్యానికి ముందుకొచ్చి చికిత్స పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. కేసుల హెచ్చరికలు ప్రతి కాలేజీ గేటు దగ్గరా ఉన్నాయి. వాటి పక్కనే ఈ సంగతి కూడా రాయించండి. 14446 డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ నంబరు, 14416 టెలీ మానస్ (మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరు కూడా రాయించండి. వైన్స్ బోర్డు మీద, కల్లు దుకాణం గోడ మీద కూడా.

డబ్బులు ఎక్కడివంటారు. 2023లో రాష్ట్రంలోని 2,620 మద్యం దుకాణాల లాటరీకి 1.3 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు 2 లక్షలు, వెనక్కి ఇవ్వని ఫీజు. ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు 2,600 కోట్లకు పైగా వచ్చింది. తర్వాతి లాటరీకి ఫీజు 3 లక్షలు చేశారు. అమ్మకాల మీద పన్ను జోలికి వెళ్లను, వట్టి దరఖాస్తుల ఫీజులోనే రూపాయికి ఐదు పైసలు తీయండి. 130 కోట్లు. 33 జిల్లాలకు పంచితే జిల్లాకు దాదాపు 4 కోట్లు. దాదాపు ప్రతి జిల్లాకూ ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. అక్కడొక వార్డుకు, ఏరియా ఆసుపత్రులకు మందులకు, ఇంటికి పోయినవాళ్లకు ఏడాది పాటు ఫోన్ చేసే మనుషుల జీతాలకు పనికొస్తాయి. ఆ మనుషులుగా మానినవాళ్లనే పెట్టండి. బజారులో వాళ్లకు పని దొరకదు, ఈ పని వాళ్లకంటే బాగా ఇంకెవరికీ రాదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాకు వ్యతిరేకంగా ఆడవాళ్లు లేచినప్పుడు మా అమ్మ ఆ కబుర్లు రేడియోలో విని ఏడ్చిందట. 1995లో మద్య నిషేధం వచ్చింది, 1997లో పోయింది. దుకాణం తెరిచి ఉన్నా, మూసి ఉన్నా, మా ఇంట్లో తాగేవాడు తాగేవాడుగానే ఉన్నాడు. అప్పుడు మా నాన్న, తర్వాత మా తమ్ముడు. నాన్నను ఏ ఆసుపత్రికీ తీసుకెళ్లలేదు. అది జబ్బని మాకెవరూ చెప్పలేదు, అడిగే తెలివి మాకూ లేదు.

మా తమ్ముడు ఆఖరిసారి తాగి రెండేళ్లు దాటింది. ఆటో మార్చాడు, కిస్తీలు కడుతున్నాడు. ఆదివారాలు ఆటో తీయడు. ఆ పూట మా దగ్గరి ఏరియా ఆసుపత్రిలో, తాగుడు మానడానికి కొత్తగా చేరినవాళ్ల పక్కన కూర్చుంటానంటున్నాడు, ఆ పెద్దాయన కూర్చున్నట్టే. వెళ్లి అడిగితే పర్మిషన్ లేదన్నారు. జీతం అడగడం లేదు. లోపలికి రానిచ్చే ఒక కాగితం, మంచం పక్కన ఒక స్టూలు ఇప్పించండి.

ఇట్లు,
ఒక అక్క,
కామారెడ్డి జిల్లా